రెండడుగుల మూడంగుళాల చరిత్ర

మా ఊళ్లో ఈ మధ్య నా గురించి ఒక కథ నడుస్తోంది. అక్కకి రెండడుగుల దారి ఇవ్వడం ఇష్టంలేక మాస్టారు సర్వేయర్‌ని ఎండలో నిలబెట్టి నాలుగు గంటలు ఉపన్యాసం ఇచ్చేరట. చివరికి ఆవిడ ఏడిస్తే జాలిపడి గోడ పడగొట్టించేరట. ఈ కథనంలో మూడు తప్పులున్నాయి. అది రెండడుగులు కాదు, రెండడుగుల మూడంగుళాలు. ఉపన్యాసం నలభై నిమిషాలకి మించలేదు. ఇక అక్క ఏడవలేదు, నవ్వింది. గోడ పడిపోయింది ఆ నవ్వుకే! జరిగింది జరిగినట్టు చెబుతాను, వినండి.

అమలాపురానికి కాస్త దూరంలో, రోడ్డు పక్కన మా తాతగారికి ముప్ఫై సెంట్ల కొబ్బరితోట ఉండేది. ఇద్దరు కొడుకులకి పంచినప్పుడు ముందు ముక్క మా నాన్నగారికి, వెనక ముక్క బాబాయికి ఇచ్చేరు. వెనక్కి వెళ్లడానికి తూర్పున బోదె కాలవ వెంట బండి దారి వదిలేరు. దారికి అటు హద్దు బోదె గట్టు, ఇటు హద్దు ఒక కొబ్బరిచెట్టు. ఆ చెట్టు కాయలు ఒక ఏడు మాకు, ఒక ఏడు బాబాయికి. పంపకం అంతా నోటిమాట మీదే జరిగింది. రికార్డుల్లో మాత్రం ముప్ఫై సెంట్లూ నిన్నమొన్నటిదాకా ఒకే సర్వే నంబరు.

బాబాయి కూతురు సరోజినక్క కాకినాడలో నర్సు. ఈ ఏడు రిటైరవుతోంది. హాస్పిటల్ క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. తండ్రి ముక్కలో రెండు గదులు వేసుకుని ఉందామని ఆవిడ ఆశ. అందుకు ముందు భూమిని సబ్ డివిజన్ చేయించాలి. గ్రామ సచివాలయంలో అర్జీ పెట్టింది. నాకు నోటీసు వచ్చింది. అనుకున్న రోజుకి సర్వేయర్ లావణ్య వచ్చింది. ఆత్రేయపురం అమ్మాయి, చేతిలో ఉపగ్రహాలతో మాట్లాడే కర్ర ఒకటి. దాన్ని రోవర్ అంటారట.

బోదె గట్టు నుంచి చెట్టు మొదలు దాకా కొలిచింది. తొమ్మిదడుగుల తొమ్మిదంగుళాలు.

"చాలదండి. వెనక ముక్కకి పన్నెండడుగుల దారి చూపించాలండి. లేకపోతే ఇంటి ప్లాను కదలదండి" అంది లావణ్య.

అక్క మొహం చిన్నబోయింది. "ఒరేయ్ తమ్ముడూ, దారి పన్నెండడుగులని మా నాన్న ఎప్పుడూ అనేవాడురా. ఆ లెక్క ఎక్కడ పోయింది?"

"నోటిమాట చరిత్ర కాదక్కా. కాగితం ఉందా?"

ఈ మాట నాకు ఊతపదం. మా ఊరి పేరు వెనక ఫలానా రాజుగారున్నారని ఎవరైనా అంటే కాగితం ఉందా అంటాను. ఎవరింటి నూతికి నూటయాభై ఏళ్లని చెప్పినా అదే ప్రశ్న. అటువంటివాణ్ణి, నిరుడు మా ముక్కలోని ఇంటికి ఆ చెట్టు వరుసలో ప్రహరీ కట్టించి, గేటు స్తంభానికి ఒక నల్లరాతి పలక పెట్టించేను. "ఈ సరిహద్దు వృక్షము మా పితామహులచే పంపకముల నాడు స్వహస్తములతో నాటబడినది." తేదీ వెయ్యలేదు. ఆధారం దొరకలేదు మరి! అంత జాగ్రత్తపరుణ్ణి.

లావణ్య పలక చదివింది. తలెత్తి చెట్టు మొవ్వు దాకా చూసింది. మళ్లీ పలక చూసింది.

"మాస్టారూ, తప్పుగా అనుకోకండి. మాదీ కొబ్బరితోటేనండి. మీ తాతగారి నాటి చెట్టయితే కాయలు దింపే మనిషి ఎక్కేముందు దణ్ణం పెట్టుకుంటాడండి. ఇది మరీ అంత ఎత్తు లేదండి."

అక్కడ మొదలైంది నా ఉపన్యాసం. నేల స్వభావాన్ని బట్టి చెట్టు ఎదుగుదల ఎలా మారుతుందో చెప్పేను. పాత దస్తావేజుల్లో చెట్లని హద్దులుగా ఎలా రాసేవారో చెప్పేను. చివరికి అసలు అస్త్రం తీసేను.

"1996 నవంబరు ఆరున వచ్చిన తుఫాను తెలుసా అమ్మా? కోనసీమలో తోటలకి తోటలు పడుకున్నాయి. మా తోటలో నిలిచింది ఈ ఒక్కటే. పెద్దవాళ్లు నాటిన చెట్టు గనక నిలిచింది!"

"ఆయ్" అంది లావణ్య, నుదురు తుడుచుకుంటూ.

మా ఆవిడ మజ్జిగ గ్లాసులు పట్టుకొచ్చింది. "ఏవండీ, చెట్టు వయసు తరవాత తేల్చుదురు గాని, ముందా పిల్లని నీడలోకి రానివ్వండి."

అక్క మాత్రం చేతిసంచీలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసింది. "వీడు కాగితం అంటాడని నాకు తెలుసు. నాన్న పెట్టెలో ఉన్నవన్నీ పట్టుకొచ్చేను. ఇందులో, నాన్న కాకినాడలో నా దగ్గరున్నప్పుడు మనూరి నుంచి వచ్చిన ఇన్‌లాండ్ లెటరు ఒకటి ఉంది. కళ్లజోడు మర్చిపోయేను, నువ్వు చదువమ్మా."

ఆవిడ కళ్లజోడు నిజంగా మర్చిపోయిందా అన్న విషయంలో నాకు ఈనాటికీ అనుమానమే.

లావణ్య గట్టిగా చదవడం మొదలెట్టింది. "బాబాయి గారికి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం. తుఫానుకి పడిపోయిన మన హద్దు చెట్టు మొదలు నిన్న తవ్వించాము. ఆ గోతిలో నీరు నిలుస్తున్నది. మొక్క కుళ్లిపోతుందని రెండడుగుల మూడంగుళాలు తూర్పుకి, అనగా మీ దారిలోకి జరిపి, కొత్త మొక్క నేనే నాటినాను. దారి మాత్రం మీదే. రేపు ఎవరైనా ఈ చెట్టునే హద్దు అని పొరపడగలరు. కావున టేపుతో కొలిచి వ్రాస్తున్నాను. ఈ ఉత్తరం జాగ్రత్తపరచవలెను."

లావణ్య ఉత్తరం అడుగున వేలు పెట్టి ఆగింది.

"సంతకం ఎవరిదమ్మా?" అన్నాను, తెలిసి కూడా.

"మీదేనండి మాస్టారూ."

"చేతిరాత ఒకసారి పోల్చి చూడాలి..."

"పోల్చడం ఎందుకండీ?" అంది మా ఆవిడ. "ఉత్తరంలో అంగుళాలు రాసే మనిషి ఈ జిల్లాలో ఇంకెవరున్నారు?"

అప్పుడు నవ్వింది అక్క. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, అరుగు మీద కూలబడి, కళ్లంట నీళ్లొచ్చేదాకా నవ్వింది. ఏడుపు కథ పుట్టింది బహుశా అక్కడే. రోడ్డు మీద పోయేవాళ్లకి నీళ్లు కనబడతాయి గాని నవ్వు వినబడదు కదా.

తుఫాను తరవాత వచ్చిన వర్షాకాలం నేను ఇరవై మొక్కలు నాటేను. వాటిలో ఒకటి హద్దు మొక్క అన్న సంగతి ఎప్పుడో మరుగున పడింది. తాతగారు నాటిన చెట్టని నాన్నగారు చెప్పిన మాట మాత్రం మిగిలింది. ఆయన చెప్పింది పడిపోయిన చెట్టు గురించి. నేను తగిలించింది తరవాత నాటిన చెట్టుకి. ఊరందరి కథలనీ అనుమానించిన నేను మా ఇంటి కథని ఒక్క ప్రశ్నయినా అడగలేదు.

లావణ్య టేపు పట్టుకుని చెట్టు నుంచి పడమటికి రెండడుగుల మూడంగుళాలు కొలిచింది. బోదె గట్టు నుంచి లెక్క చూస్తే సరిగ్గా పన్నెండు! హద్దు రాయి వెయ్యవలసిన చోటు నా ప్రహరీకి లోపలివైపు పడింది. సంతకం పెట్టేను. ఆ వారంలోనే గోడ తీయించేను. దారికి అడ్డమని చెట్టూ కొట్టించక తప్పలేదు. దాని దుంగలు బోదె మీద వంతెనకి పనికొచ్చేయి. అక్క ప్లాను పాసయింది, ఇల్లు లేచింది. నా నల్లరాతి పలక ఆవిడ గుమ్మం ముందు మెట్టయింది. అక్షరాలు పైకి కనబడేలా తాపీమేస్త్రికి దగ్గరుండి చెప్పిందట. కాఫీకి పిలిచినప్పుడల్లా నా పరిశోధన మీద కాలుపెట్టి లోపలికి వెళుతున్నాను.

ఆ చెట్టు వయసు గురించి ఊళ్లో ఇంకా రకరకాలుగా అనుకుంటున్నారు. కాగితం ఉందా అని నన్నెవరైనా అడిగితే, ఉంది. సబ్ డివిజన్ ఫైల్లో ఆ ఉత్తరం నకలు ఉంది. పై మూల, నా దస్తూరీలోనే, తేదీ: 22 జూన్ 1997, ఆదివారం.