షూటాఫ్‌కు ముందు వచ్చిన ఫోను

పలు దేశాల క్రీడా పోటీలకు మన మహిళల ట్రాప్ షూటింగ్ జట్టులో నాకు చోటు దొరికేనాటికి పాపకు ఏడో నెల. పాలసీసా నోటికి తగిలితే చాలు, నాలుకతో బయటికి తోసేసేది. సీసాలు మార్చాను, పీకలు మార్చాను. చివరికి ఒక ఉపాయం కుదిరింది. నేను కట్టి విడిచిన నూలు చీరతో ఉయ్యాల వేసి అందులో పడుకోబెడితే, నా వాసనకో ఏమో, కళ్ళు మూసుకుని సీసా తాగేది.

"అత్తమ్మా, నేను వచ్చేదాక ఈ చీర ఉతకొద్దు" అని బయల్దేరేటప్పుడు మళ్ళీ చెప్పాను.

"ముట్ట తీ. నువ్వు ఫికర్ చెయ్యకు, పో" అంది మా అత్తమ్మ.

మా ఇల్లు తాండూరులో నాపరాళ్ళు పాలిష్ పట్టే యూనిట్ల వెనక వీధిలో ఉంది. పొద్దున తుడిచిన గడప మధ్యాహ్నానికి పిండి చల్లినట్టు తెల్లబడుతుంది. ఆ దుమ్ముతో అత్తమ్మది ఏళ్ళ తగాదా. ఆమె చేతికి అందిన గుడ్డ ఏదైనా సరే, ముందు దులుపుతుంది, తర్వాత నీళ్ళలో వేస్తుంది.

పోటీ మొదటి రోజు బాగానే సాగింది. ట్రాప్‌లో మన ముందున్న గుంతలోంచి నారింజ రంగు మట్టి పళ్ళెం ఎగురుతుంది. ఎడమకో, కుడికో, నేరుగానో ముందు తెలియదు. అది నేలకు రాలేలోపు పేల్చాలి. దాన్ని ఎగరేసేది మన గొంతే. తుపాకి భుజానికి ఆనించి అరిస్తే, ఆ అరుపు మైకుకు తగిలి పళ్ళెం లేస్తుంది. మనం అరవనంతసేపు ఏమీ జరగదు. ఆ ఆటలో నాకు ఎప్పుడూ నచ్చేది అదే.

ఈసారి మాత్రం రొమ్ములు పాలతో రాళ్ళలా గట్టిపడ్డాయి. తుపాకి వెనక్కి తన్నిన ప్రతిసారీ నొప్పి చంక దాకా పాకేది. రౌండుకూ రౌండుకూ మధ్య బాత్రూంలోకి వెళ్ళి పాలు పిండి పారబోసుకున్నాను.

సాయంత్రం వీడియో కాల్ చేస్తే మా ఆయన పాపను చూపించలేదు.

"పండుకుంది. లేపకు" అన్నాడు.

వెనక నుంచి సన్నగా ఏడుపు.

"మరి ఏడుస్తున్నది ఎవరు?"

"పక్కింటోళ్ళ పిల్ల."

పక్కింట్లో ఉండేది ఇద్దరు ముసలివాళ్ళు. నేను ఇంకేదో అనేలోపే అత్తమ్మ ఫోను లాక్కుంది.

"అబద్ధం గూడ సక్కగ చెప్పరాదు నీకు! బిడ్డా, చీర ఉతికిన. మస్తు దుమ్ము వట్టింది, పిల్ల ముక్కులకు పోతదని తీసిన. నీళ్ళల్ల వడ్డంక నీ మాట యాదికొచ్చింది."

"చెప్పిన గద అత్తమ్మా!"

"చెప్పినవ్. చెయ్యి వినలే. పొద్దటిసంది సీస ముడ్తలేదు పోరి."

"ఉచ్చ పోస్తున్నదా?"

"జర పోసింది. రేపు దవాఖానకు తీస్కపోతం. నువ్వు తిని పండు."

తినలేదు, పడుకోలేదు. పసిపిల్ల పాలు లేకుండా ఎంతసేపు ఉండగలదో ఫోనులో వెతికాను. ఒక్కొక్కరు ఒక్కొక్కటి రాశారు. తెల్లవారేదాకా చదువుతూనే ఉన్నాను.

రెండో రోజు ఫోన్లు కోచ్ మేడం దగ్గర పెట్టి రేంజ్‌లోకి దిగాం. నేను ఎలా పేల్చానో ఇప్పుడు గుర్తులేదు. ఫైనల్‌కు చివరి చోటు ఒక్కటే మిగిలింది. ఇంకో దేశపు అమ్మాయికీ నాకూ స్కోరు సమానమైంది. షూటాఫ్ అన్నారు. చెరొక పళ్ళెం, ఒక్కో దానికి ఒకే తూటా, ముందు ఎవరు తప్పితే వాళ్ళు ఇంటికి.

మేడం నా దగ్గరికి నడిచి వచ్చింది. ఆమె కళ్ళకు నల్లద్దాలు.

"ఇంటికాడికెళ్ళి ఫోనొచ్చింది. ఇప్పుడు చెప్పాల్నా, అయినంక చెప్పాల్నా?"

నేను ఆమె ముఖంలోకి చూశాను.

"నా మొకం జూడకు. అందరికీ గిదే మొకం పెడ్త" అంది.

"అయినంక చెప్పండి" అన్నాను. ఆ మాట నోటి నుంచి జారిన మరుక్షణం వెనక్కి పిలుద్దామనుకున్నాను. అప్పటికే ఆమె తాడు దాటి వెళ్ళిపోయింది.

ఆ అమ్మాయి పేల్చింది, పళ్ళెం పొడి అయింది. నేను పేల్చాను, నాదీ పగిలింది. ఆమె మళ్ళీ కొట్టింది. నేను తుపాకి ఎత్తాను. గొంతు రాలేదు. దించాను. దవాఖానలో పాప చేతికి సూది గుచ్చుతున్నట్టు కనిపించింది. మళ్ళీ ఎత్తి, ఎలాగో అరిచాను. పళ్ళెం ఎడమకు లేచి, నా తూటా తగలకుండానే పోయి గడ్డిలో చెక్కుచెదరకుండా పడింది.

ఎవరితోనూ చేయి కలపకుండా మేడం దగ్గరికి పరుగెత్తాను.

"తాగిందంట. మీ అత్తమ్మ చెంచతోని వట్టిందంట. కడుపునిండ తాగి పండుకుందని చెప్పుమన్నరు."

"అప్పుడే చెప్పకపోతిరి మేడం!"

"అడిగిన గదమ్మా."

అక్కడే గడ్డిలో కూర్చుండిపోయాను. ఏడుపు ఓడినందుకో, పాప తాగినందుకో నాకే తెలియలేదు. జాకెట్ ముందంతా పాలతో తడిసింది.

పోటీల నుంచి తిరిగొచ్చి హైదరాబాద్‌లో తాండూరు రైలెక్కాను. వికారాబాద్ దాటాక సీట్లో కూర్చోలేక తలుపు దగ్గర నిలబడ్డాను. ఇంట్లో అడుగు పెట్టేసరికి పాప అత్తమ్మ ఒళ్ళో కూర్చుని చెంచా కోసం నోరు తెరుస్తోంది. చేతులు కడుక్కుని ఎత్తుకున్నాను. రొమ్ము అందిస్తే ముఖం తిప్పుకుని ఏడ్చి, చెంచా వైపు చేయి చాపింది.

"నువ్వు తుపాకి వట్టినవ్, నేను చెంచ వట్టిన. దానికేం ఎరుక, ఏది దొరికితే గది నేర్సింది" అంది అత్తమ్మ. "వచ్చే నెల డిల్లీల సెలక్షన్ అంటివి గద. ఇగ నిమ్మళంగ పో."

నేను లేకపోయినా పాప తాగాలని నెల పాటు తిప్పలు పడింది నేనే. తాగుతోంది. అయినా ఎత్తుకున్న పాపను దించలేక, కూర్చోలేక గదిలో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను.

"తిరిగినకాడికి సాలు, కూసో" అంటూ అత్తమ్మ గిన్నె నా ముందుకు జరిపింది. "నీ చేత్తోని తాగుతదో లేదో సూడు."

చెంచా అందించాను. సగం గడ్డం మీదుగా కారింది, సగం లోపలికి పోయింది. పాప మింగి, నన్నే చూస్తూ ఆగింది.

"ఇంకోపారి వట్టు" అంది అత్తమ్మ.