లైనంతటికీ ఒకటే చిరునామా

"ఆ డబ్బా మీ అయ్య కట్టించినాడేటి, తాళం నీ కొంగునే కట్టుకోడానికి?" అంది వదిన, బిందె అంచు మీద అరచేత్తో కొడుతూ.

"నా కొంగున ఉండబట్టే ఇన్నాళ్లు సల్లగున్నాది. నీ సేతికిస్తే ఈపాటికి నిమ్‌పురా పేటంతా తిరిగొచ్చును," అన్నాను.

"తిరిగినా బాగుండును! బుధవారం నాడే ఆ ఉత్తరం నా కూతురు గుంట సేతిలో పడును!"

"మంగళవారమే వచ్చేసుంటాదని నాకు కలొచ్చిందేటి? ఆదివారం సూస్తానని అందరికీ సెప్పినాను. రూలు రూలే."

"ఏటి రూలు? నీ రూలు కోసం బండాగుతాదేటి ఒదినా? ఉజ్జోగం ఆగుతాదా?"

తప్పు నాదైనప్పుడు గొంతు పెంచడం నాకు అలవాటు. పెంచాను. ఎనిమిది క్వార్టర్ల వాళ్లూ గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. ఎవరి గురించి ఆ గొడవో ఆ పిల్ల మాత్రం బయటికి రాలేదు.

డబ్బా అంటే పోస్టు డబ్బా కాదు. ఈమెయిలు. ఆ రోజుల్లో ఇంటర్నెట్ అనేది మనుషుల జేబుల్లో ఉండేది కాదు, దాని దగ్గరికి మనమే నడిచి వెళ్లేవాళ్లం, చెప్పులు బయట విప్పి మరీ. ఖరగ్‌పూర్‌లోనే ఝపటాపూర్ అనే పేటలో ఒక మిఠాయి కొట్టు పక్కన, ప్లైవుడ్ చెక్కలతో గదులు చేసి నాలుగు కంప్యూటర్లు పెట్టుకున్నాడు ఒక బెంగాలీ దాదా. అరగంటకింత అని రేటు. మీట నొక్కితే లోపల ఏదో గొంతు పట్టేసిన కోడిలా కూసి, గరగరలాడి, ఆ తర్వాత తెర వెలిగేది. అప్పటికి నాకు ముప్పై నాలుగేళ్లు. ఐదో తరగతితో ఆపేసిన చదువు. మా ఆయన రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. మా క్వార్టర్ల లైనులో ఎనిమిది ఇళ్లకీ ఒకటే కొళాయి, ఒకటే ఫోను. కొళాయికి వంతులు పెట్టింది నేను, ఫోనుకి వేళలు పెట్టింది నేను. కాబట్టి, పిల్లలు ఉద్యోగాలకి కాగితాలు పెట్టుకోవాలంటే ఈమెయిలు కావాలని మాట వచ్చినప్పుడు అందరూ నా మొహమే చూశారు. "ఇంటికొకటి దేనికి? ఎనిమిదిళ్లకీ ఒకటి సాలదా?" అన్నాను. దాదా నెత్తి కొట్టుకుని, "బౌదీ, ఇది ఫ్రీ! ఎన్ని కావాలంటే అన్ని తీసుకోండి," అని హిందీలో మొత్తుకున్నాడు (బౌదీ అంటే వాళ్లలో వదినే). ఉచితంగా ఇచ్చేదాన్ని నేను ఈ రోజుకీ నమ్మను. ఒక్కటే తీయించాను. తాళం మాట ఏం పెట్టమంటారని అడిగితే మా అత్తగారి పేరు పెట్టించాను. ఆవిడ బతికుండగా ఆవిడని దాటుకుని మా ఇంట్లోకి పిల్లి కూడా రాలేదు.

ప్రతి ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక నేను వెళ్లేదాన్ని. దాదా ఒక్కో ఉత్తరం చదివి హిందీలో చెప్పేవాడు, నేను మనసులో పెట్టుకుని, సాయంత్రం కొళాయి దగ్గర నిలబడి ఇంటి నంబరు పిలిచి మరీ చెప్పేదాన్ని. మూడో నంబరు వాళ్ల మరిదికి ఎక్కడ ఆపరేషన్ అయిందో, డాక్టరు ఏ వైపు పడుకోమన్నాడో మొత్తం లైనుకి తెలిసిపోయింది. వాళ్లు నెల రోజులు నాతో మాట్లాడలేదు. (ఆపరేషన్ బాగానే జరిగిందని కూడా నేనే కదా చెప్పాను, అది ఎవరికీ గుర్తులేదు.) ఇంకోసారి, "మీ చిరునామాకి కారు బహుమతి వచ్చింది," అని ఒక ఉత్తరం వచ్చింది. దాదా నవ్వుతూ, మోసం, వదిలెయ్యండి అన్నాడు. నేను వదల్లేదు. చిరునామా ఎనిమిదిళ్లదీ కాబట్టి కారూ ఎనిమిదిళ్లదీ అని తీర్పు చెప్పి, వారానికొక ఇంటివారు వాడుకునేట్టు వంతులు రాసి గోడకి అంటించాను. పెట్రోలు ఎవరు పోయించాలనే దగ్గర రెండిళ్లవాళ్లు కొట్టుకోబోయారు. ఆ కాగితం వానకి తడిసి రాలిపోయేదాకా గోడ మీదే ఉంది. కారు జాడ లేదు.

వదిన కూతురు మాత్రం ఈ సంబడాలు వేటిలోనూ కలిసేది కాదు. దాన్ని అందరం చిన్నమ్మలు అనేవాళ్లం. వాళ్ల నాన్న వర్క్‌షాపు నుంచి తెచ్చిన పాత డ్రాయింగు కాగితాల వెనక వైపు బొమ్మలు గీసుకుంటూ పెరిగింది. చక్రం, ఇరుసు, బోల్టు, అన్నీ కొలతలతో సహా. డిప్లొమా చదివి, కంప్యూటర్ మీద నక్షాలు గీయడం నేర్చుకుంది. కలకత్తాలో ఒక కంపెనీ వాళ్లకి అలాంటి మనిషే కావాలని తెలిసి కాగితాలు పెట్టుకుంది. ఈమెయిలు చిరునామా అనే చోట మా లైను చిరునామా రాసింది. ఇంకోటి లేదు మరి.

ఆ బుధవారం సాయంత్రం నేను బియ్యం ఏరుతుంటే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"అత్తా, ఒక్కసారి సూసొద్దామా? ఈ వారమే కబురెడతామన్నారు."

"ఆదివారం ఎల్తాను కదే."

"నా డబ్బులెట్టుకుంటాను అత్తా. అదీ వద్దంటే ఆ తాళం మాటేటో నాకు సెప్పు, నేనే సూసుకుని బేగి వచ్చేస్తాను."

"ఇయ్యాల నీకు సెప్తే రేపు మిగతా ఇళ్లవాళ్లూ అడుగుతారు. ఉత్తరం ఎక్కడికి పోద్ది? దానికేమన్నా కాళ్లున్నాయేటి?"

"ఠీక్ హై అత్తా," అని వెళ్లిపోయింది. బతిమాలలేదు. బతిమాలి ఉంటే ఇచ్చేదాన్నేమో అని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. ఇచ్చేదాన్ని కాదు. పొదుపు అన్నది పైకి చెప్పిన మాట. ఎనిమిదిళ్ల వార్తలూ నా నోటి నుంచి రావడం, కొళాయి దగ్గర నేను నోరు తెరిచేసరికి బిందెల చప్పుడు ఆగిపోవడం, అది నాకు బాగుండేది. ఐదో తరగతి చదివినదాని కోసం డిప్లొమా చదివిన పిల్ల గుమ్మంలో నిలబడింది కదా, అది ఇంకా బాగుంది.

ఆదివారం దాదా ఒక ఉత్తరం తెరిచి, చదవకుండా నావైపు చూశాడు. "బౌదీ, ఏటా తో శుక్రోబార్ ఛిలో," అన్నాడు మెల్లిగా. ఇది శుక్రవారమే అయిపోయింది కదా అని. కలకత్తా కంపెనీవాళ్లు చిన్నమ్మలుని శుక్రవారం పది గంటలకి సర్టిఫికెట్లతో రమ్మని పిలిచారు. ఉత్తరం వచ్చింది మంగళవారం. అప్పుడైనా నేను తిన్నగా వాళ్లింటికి వెళ్లి, తలుపు వేసి చెప్పాల్సింది. అలవాటు చెడ్డది. కొళాయి దగ్గరే నిలబడి, నంబరు పిలిచి, అందరి ముందూ చెప్పాను. చిన్నమ్మలు బిందె నిండేదాకా ఆగి, కొళాయి కట్టేసి, నీళ్లు ఒలకకుండా లోపలికి తీసుకెళ్లిపోయింది. ఆ తర్వాతే వాళ్లమ్మ బిందె అంచు మీద కొట్టడం మొదలుపెట్టింది.

ఇప్పుడు నా ఫోను నా చేతిలోనే ఉంది. బంధువుల గ్రూపులో పొద్దున్నే పువ్వుల బొమ్మలు పెడతాను, ఎవరు చూశారో ఎవరు చూడలేదో లెక్కగా చూసుకుంటాను (ఆ బుద్ధి పోలేదు). "అమ్మమ్మా, పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకూడదు," అని మనవరాలు నాకు పాఠం చెబుతుంది. ఆ విషయంలో నన్ను మించినవాళ్లు లేరమ్మా అనుకుంటాను, పైకి అనను. చిన్నమ్మలు ఒక బడిలో గుమాస్తాగా చేరి అక్కడే ఉండిపోయింది. గ్రూపులో నా పువ్వులకి అందరికంటే ముందు దండం బొమ్మ పెట్టేది అదే. నక్షాల మాట మా మధ్య ఎప్పుడూ రాలేదు. ఆ ముప్పై నాలుగేళ్ల మనిషి ఇప్పుడు కనిపిస్తే చెవి మెలిపెట్టాలనిపిస్తుంది. మళ్లీ కొళాయి దగ్గర నిటారుగా నిలబడి, కారుకి వంతులు చదువుతున్న ఆవిడని తలుచుకుంటే నవ్వూ వస్తుంది. ఏం చేయను, ఆవిడ నేనే.

గొడవ జరిగిన మర్నాడు పొద్దున్నే, మా ఆయనకి అన్నం కట్టిపెట్టి, నేనే వెళ్లి వాళ్ల తలుపు కొట్టాను. "తయారవ్వే, కలకత్తా ఎల్దాం. తప్పు నాదని నేనే సెప్తాను," అన్నాను. వదిన మొహం తిప్పుకుంది కానీ ఆపలేదు. హౌరా లోకల్ ఎక్కి, అక్కడ దిగి రెండు బస్సులు మారి, ఆ ఆఫీసు గేటు దగ్గరికి చేరాం. కాపలా అతనికి నాకు వచ్చిన బెంగాలీలో మొత్తం చెప్పాను, కొళాయితో సహా. అతను లోపలికి వెళ్లి కనుక్కుని వచ్చాడు. మనిషిని శనివారమే తీసేసుకున్నారట. తిరుగు బండిలో ఒక్కటే సీటు దొరికింది, కిటికీ పక్కన. "నువ్వు కూకో అత్తా," అంది చిన్నమ్మలు. నేను కూర్చున్నాను. అది ఖరగ్‌పూర్ దాకా సర్టిఫికెట్ల సంచీ గుండెకి ఆనించుకుని నిలబడే వచ్చింది.