కోర్బీనియన్ మూడో బొత్తాం

వాల్‌బుర్గా ముప్పైనాలుగేళ్లు చచ్చినవాళ్లకు సోకులు చేసింది. శవాలకు కాదు, ఫొటోలకు. జర్మనీలోని దిగువ బవేరియాలో ఎవరు పోయినా అంత్యక్రియల నాడు చర్చి గుమ్మంలో అరచేతిలో పట్టేంత చీటీ పంచుతారు. ఒకవైపు పోయిన మనిషి బొమ్మ, రెండోవైపు పేరు, తేదీలు, చిన్న ప్రార్థన. తీసుకున్నవాళ్లు దాన్ని ప్రార్థన పుస్తకంలో దాచుకుంటారు. ఆ చీటీలు అచ్చయ్యేది ఊళ్లో ఉన్న ఒకే ఒక్క ప్రెస్సులో, అక్కడ బొమ్మలు బాగుచేసేది వాల్‌బుర్గా. ఊరంతా ఆమెను బుర్గీ అనే పిలుస్తారు.

చీటీ కోసమని బతికుండగా ఎవరూ ఫొటో దిగరు కదా. పెళ్లి గుంపులోంచో, ఊరివాళ్లే నడిపే అగ్నిమాపక దళం ఏటా చేసే పండగలోంచో ఒక ముఖాన్ని వెతికి తెస్తారు. బుర్గీ ఆ మనిషి చేతిలోంచి బీరు గ్లాసు తీసేసేది, భుజమ్మీది పరాయి చెయ్యి తీసేసేది, పులిపిరి తీసేసేది, ఊడిన పన్ను పెట్టేది. వెనకాల ఒక మంచుకొండను నిలబెట్టేది. జన్మలో మైదానం దాటని రైతులందరూ పోయాక ఆ ఒక్క కొండ ముందుకే చేరారు, ఎవరూ ఇదేమిటని అడగలేదు. మొదట్లో ఆ పనంతా సన్నకుంచెతో చేసేది, తర్వాత కంప్యూటర్లో. అదీ పైసా కట్టనక్కర్లేని ఉచిత సాఫ్ట్‌వేర్‌తోనే. ఆమె రిటైరయిన ఏడాదే ప్రెస్సు యజమాని నెలనెలా అద్దె కట్టే పెద్ద సాఫ్ట్‌వేర్ తెచ్చాడు. ఆమె స్థానంలో చేరిన రమోనాకి అది లేందే చెయ్యాడదు.

మంగళవారం పొద్దున బుర్గీ మొగుడు కోర్బీనియన్, ఇళ్లకు పైకప్పులు వేసే మనిషి, బూట్లు తొడుక్కుంటూ బల్లమీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. బుర్గీ అతని కాలికున్న ఒక్క బూటూ విప్పి, రెండోదాని పక్కన పెట్టింది. ఏడుపు రాలేదు. బుధవారం కూడా రాలేదు. పలకరించడానికి వచ్చినవాళ్లకు కాఫీ పోసింది, వాళ్లు తెచ్చిన కేకే కోసి వాళ్లకు పెట్టింది. లోపల ఎవరో ఇల్లు ఖాళీ చేసి, ఊడ్చి వెళ్లిపోయినట్టుంది.

చీటీకి ఫొటో కావాలి. ఇంట్లో ఉన్నవాటిలో కోర్బీనియన్ ఎప్పుడూ కుడిచెంపే చూపిస్తాడు. ఇరవయ్యో ఏట పెంకు తగిలి ఎడమ కనురెప్ప సగానికి వాలిపోయింది, అది దాచుకోవడానికి. ఎదురుగా చూసిన ఫొటో ఒక్కటే దొరికింది, అగ్నిమాపక దళం పండగలో తీసింది. ఆకుపచ్చ ఉన్నికోటు, రొమ్ముకు ఆనించుకున్న బీరు గ్లాసు, వాలిన రెప్ప కిందనుంచి ఎకసెక్కపు చూపు. కోటుకు మూడో బొత్తాం లేదు. ఆరేళ్లుగా లేదు. "ఆ కోటు ఇలా విప్పి తగలెయ్యి, బొత్తాం కుడతా" అని ఆమె, "ఆదివారం కుట్టవే" అని అతను. ఆదివారం వచ్చిందంటే ఆ కోటే తొడుక్కుని బీరు తాగడానికి పోయేవాడు.

బుధవారం మధ్యాహ్నం ఆ ఫొటో పట్టుకుని ప్రెస్సుకు వెళ్లింది. రమోనా ఆమెను చూడగానే కళ్లనీళ్లు పెట్టుకుంది.

"మీరు కూర్చోండి బుర్గీ గారూ, చెయ్యి పెట్టొద్దు. చిటికెలో చేసేస్తాను."

చిటికెలోనే అయింది. గ్లాసు మాయమైంది, కొండ వచ్చి నిలబడింది. ఇక ఆ అద్దె సాఫ్ట్‌వేర్ కుడికంటిని చూసుకుని, అలాంటిదే ఎడమవైపూ తెరిచిపెట్టింది.

"చూశారా, ఎంత అందగాడో!"

అందగాడే. ఎవరో మాత్రం తెలీదు. "బాగుంది" అంది బుర్గీ, అలవాటు కొద్దీ, బయటికి వచ్చేసింది.

వంతెన దాకా నడిచి ఆగింది. శనివారం అంత్యక్రియల్లో ఆ కొత్త మనిషిని మూడొందలమంది ప్రార్థన పుస్తకాల్లో పెట్టుకుంటారు. నాలుగేళ్లు పోతే అందరికీ గుర్తుండేది చీటీలోని ముఖమే. తనకీ అంతే. అది భయమని ఆమెకు తెలుసు, కానీ ఆ భయం కూడా పక్కింట్లో ఎక్కడో ఉన్నట్టుంది. ఒకప్పుడు ఐగ్నర్ వాళ్ల ముసలమ్మ చీటీ వెనక్కి తెచ్చి, "మా ఆయన పులిపిరి ఏం చేశావమ్మా? ఈయనెవరు?" అని అడిగింది. "పులిపిర్లు అక్కడికి కూడా మోసుకుపోతారా అమ్మమ్మా" అని తను నవ్వి పంపేసింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేసింది.

వెనక్కి వెళ్లి తలుపు తీసింది. "అది అచ్చుకు పంపకు రమోనా. రేపు మధ్యాహ్నానికి నేనే చేసి తెస్తాను."

"మీ ఉచితం దాంతోనా? గ్లాసు తీయడానికే పూటంతా పడుతుంది కదండీ!"

"పడనీ. నాకిప్పుడు వేరే పనేముంది?"

గురువారం పొద్దున వంటింటి బల్లమీద కంప్యూటర్ పెట్టుకుంది. ఉచిత సాఫ్ట్‌వేర్‌కు కన్నంటే ఏమిటో తెలీదు, గ్లాసంటే ఏమిటో తెలీదు. ఒకచోటి ముక్క తెచ్చి ఇంకోచోట అద్దమంటే అద్దుతుంది, అంతే. బుర్గీ గ్లాసు మీద కోటు ఉన్నిని పైనుంచి కాస్త, పక్కనుంచి కాస్త తెచ్చి అద్దుకుంటూ పోయింది. కంటి జోలికి పోలేదు. పొరపాటున కూడా ఆ రెప్పకు గీత తగలకూడదని మాటిమాటికీ పైకి చూసుకుంటూనే ఉంది. కొండ పెట్టలేదు, వెనకాల పండగ గుడారం బట్టే ఉంచేసింది. మూడు గంటలు పట్టింది. మణికట్టు నొప్పెట్టింది, ఆ నొప్పి ఒక్కటే తనదిగా తోచింది.

ప్రెస్సు యజమాని బొమ్మ చూసి గొంతు సవరించుకున్నాడు. "బుర్గీ, ఆ కన్ను అలాగే వదిలేశారు... జనం ఏమనుకుంటారు?"

"కోర్బీనియన్ అనుకుంటారు. అచ్చెయ్యండి."

శనివారం చర్చి గుమ్మంలో చీటీల బుట్ట పట్టుకుని తనే నిలబడింది. ఒక్కొక్కరూ చీటీ తీసుకుంటున్నారు, చెయ్యి నొక్కుతున్నారు, లోపలికి పోతున్నారు. బుర్గీకి ఆ చేతుల స్పర్శే తెలియలేదు. వరసలో అగ్నిమాపక దళం నాయకుడు క్వీరిన్ వచ్చాడు. కోర్బీనియన్‌తో బడికెళ్లినవాడు. కళ్లద్దాలు మరిచిపోయి చీటీని చెయ్యి చాచి దూరంగా పట్టుకున్నాడు.

"వాడే," అన్నాడు. "వెధవ, అచ్చం వాడి చూపే." బుర్గీ తలూపింది. గెలిచానని తెలిసింది గానీ సంతోషం రాలేదు.

క్వీరిన్ ఇంకాస్త చూసి ముక్కు ఎగబీల్చి నవ్వాడు. "మొత్తానికి బొత్తాం కుట్టేశావే!"

బుర్గీ చీటీ లాక్కుని చూసింది. కోటుకు మూడో బొత్తాం ఉంది. పై రెండింటి వరసలోనే, నీడతో సహా, చక్కగా కుదురుకుని. మూడు గంటలూ కంటికి కాపలా కాస్తూ కూర్చుంటే, ముప్పైనాలుగేళ్ల చెయ్యి ఖాళీ కనబడ్డచోట పై బొత్తాన్నే తెచ్చి అద్ది, తన పని తాను చేసేసింది.

"నేను కుట్టలేదు," అంది. "నేను కుట్టలేదు క్వీరిన్. ఆదివారం కుట్టమన్నాడు."

అప్పుడొచ్చింది ఏడుపు. గుమ్మంలోనే, అందరిముందూ, పెద్దగా వచ్చింది. వరసంతా ఆగిపోయింది. క్వీరిన్ ఆమె చేతిలోంచి బుట్ట తీసుకుని, తనే చీటీలు పంచడం మొదలుపెట్టాడు.