పక్కన లేని నిమిషం

ఈ ఉదయం నంద్యాలలో మా వృద్ధాశ్రమం స్నానాల గది కడిగిస్తుంటే, తడి గచ్చు మీద ఎవరిదో రబ్బరు చెప్పు కీచుమంది. నా చేయి తనంతట తానే గోడను పట్టుకుంది. రాహేలక్క గుర్తొచ్చింది.

ఆళ్లగడ్డలో నేను మొదట పనికి కుదిరిన ఆశ్రమాన్ని నడిపింది ఆమే. పన్నెండు మంది వృద్ధులు, చూసుకోవడానికి మేం ముగ్గురం. ఎవరికి నీళ్లు మింగుడుపడవో, ఎవరు లేస్తే తూలతారో ఆమెకు కంఠతా వచ్చు. ఒకప్పుడు అహోబిలం దారిలో జీపు తోలిన ఓబులేసు తాతకు మతి తప్పింది. రోజూ మధ్యాహ్నం బండి తీయాలంటూ గేటు వైపు నడిచేవాడు. గదికి గొళ్లెం పెడదామంటే అక్క ఒప్పుకోలేదు. తానే వెంట నడిచి, మాటల్లో పెట్టి, వెనక్కి తీసుకొచ్చేది.

ఒకరోజు తాతకు స్నానం చేయిస్తుండగా బండిఆత్మకూరులో ఉండే మా చెల్లెలు ఫోన్ చేసింది. రెండు మాటలే కదా అని బయటికొచ్చాను. లోపల దబ్బుమని చప్పుడైంది. తాత గచ్చు మీద పడి ఉన్నాడు. తుంటి విరిగింది. అంత నొప్పిలోనూ, తప్పు తనదే అన్నట్టు నాతో అన్నాడు.

"బ్రేకు పడలేదు మ్మా."

నంద్యాల ఆసుపత్రికి వెళ్లే దారిలో, నేను సబ్బు అందుకునేలోపు ఆయనే లేచాడని అక్కకు చెప్పాను. ఆమె నా ముఖంలోకి, తర్వాత నా చేతిలో ఉన్న ఫోన్ వైపు చూసింది. అవుకు నుంచి తాత కూతురు ఏడుస్తూ వచ్చింది. అక్క ఎదురెళ్లి ఆమె చేతులు పట్టుకుంది.

"తప్పు మాదేమ్మా. పట్టుకోవాల్సిన మనిషి పక్కన లేదు. ఆడ జరిగిందానికి బాధ్యత నాది."

నా పేరు చెప్పలేదు. ఆ కూతురు అనరాని మాటలన్నీ అంటుంటే తల వంచుకుని నిలబడింది. నేను చూడలేకపోయాను. అక్క కాదు, ఫోన్ కోసం వదిలిపోయింది నేనేనని చెప్పేశాను. ఆ కూతురు కొడుతుందనుకున్నాను. ఆమె గోడకానుకుని కూలబడిపోయింది.

తర్వాత వరండాలో, నన్ను పనిలోంచి తీసేస్తావా అని అక్కను అడిగాను.

"తీసేస్తే తాతను ఎవురు చూస్తారు? పో, పక్కన కూచో. ఇంగ దాచాకు. నువ్వు దాస్తే రేపు ఇంకొకరు అట్లే పడతారు."

తాత మళ్లీ నడవలేదు. ఆయన పోయేదాకా మధ్యాహ్నాలు చక్రాల కుర్చీలో గేటుదాకా నేనే తోసుకెళ్లాను.

ఇప్పుడు అక్క లేదు. నేను నడిపే ఈ ఆశ్రమంలో ఎవరైనా పడిపోతే, వణుకుతూ వచ్చిన ఆయాను ముందు కూర్చోబెట్టి మంచినీళ్లిస్తాను. నిజంగా ఏం జరిగిందో అడుగుతాను. ఇంటివాళ్లకు ఆ మాట మాత్రం నేనే చెబుతాను. ఇన్నేళ్లయినా, చెప్పే ముందు ఫోన్ తీసి ఒకసారి పక్కన పెట్టేస్తాను. అయినా చెబుతాను.