మీద చిన్న సున్న

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మంచిది కాదు. కాజీపేట రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగినదాన్ని, బండ్ల చప్పుడు మీద అరిచి మాట్లాడటం అలవాటైపోయిందిలే అని మా అమ్మ నన్ను వెనకేసుకొచ్చేది. ఆ ఎండాకాలం తర్వాత ఆమె కూడా ఆ మాట మానేసింది.

పాకాల అడవి అంచున ఒక చిన్న ఆఫీసులో నాది కంప్యూటర్ పని. ఎండాకాలం అడవిలో మంటలు లేవకుండా కొందరు కాపలా తిరుగుతారు. వాళ్లు ఎక్కడ తిరిగారో, ఎక్కడ మంట ఆర్పారో మ్యాపులో ఎక్కించేదాన్ని నేను. జాగా, చోటు, తావు అని మేమెవరం అనము. మాకన్నీ పాయింట్లే. మంట పాయింటు, నీళ్ల పాయింటు, కంచె తెగిన పాయింటు. కుర్చీలోంచి కదలకుండా అడవి మొత్తం నాకే తెలిసినట్టు మాట్లాడేదాన్ని.

కాపలావాళ్లలో ఒక పెద్దాయన ఉండేవాడు. అరవై దాటాయి. నన్ను బిడ్డా అనేవాడు, నేను కాకా అనేదాన్ని. మిగతావాళ్లలో చాలామంది స్మార్ట్‌ఫోన్లలో యాప్ వేసుకుని తిరుగుతుంటే, ఆయన దగ్గర మాత్రం ఒక బటన్ ఫోనూ, ఆఫీసువాళ్లు ఎప్పుడో ఇచ్చిన జీపీఎస్ మిషనూ ఉండేవి. గుప్పిట్లో పట్టేంత పసుపు డబ్బా, మాసిపోయిన తెర, వెనక రెండు పెన్సిల్ సెల్లులు. దాన్ని చిన్న గుడ్డసంచిలో పెట్టి మెడకు వేసుకునేవాడు. ఎన్నిసార్లు చెప్పినా ఫోన్ తీసుకునేవాడు కాదు. ఎండకు కాలి ఆరిపోతుందనీ, పొద్దుమూకేదాకా చార్జింగ్ ఆగదనీ, చెమట చేతికి తెర పలకదనీ ఆయన వాదం. మొండితనం అనుకున్నాను. ఒక్కటీ తప్పు కాదు.

వారానికోసారి ఆ మిషను తెచ్చి నా బల్ల మీద పెట్టేవాడు. వైరు తగిలిస్తే పాయింట్లన్నీ వాటంతటవే కంప్యూటర్లోకి దిగేవి. ఒక్క అంకె చేత్తో కొట్టే అవసరం ఏ రోజూ రాలేదు. అయినా ఆయన ఊరుకునేవాడు కాదు. అక్షరాలు రావు గానీ బస్సు నంబర్లు చూసి అంకెలు నేర్చుకున్నాడట. తెర మీదున్న అక్షాంశం, రేఖాంశం వేలు పెట్టి చదివి వినిపించేవాడు. "పద్దెనిమిది, మీద చిన్న సున్న, సున్న రెండు పాయింట్..." అని. ఆ మీది చిన్న సున్న డిగ్రీ గుర్తు. అది సున్న కాదు కాకా, దాన్ని చదవొద్దు అని వందసార్లు చెప్పి ఉంటాను. "ఉన్నదాన్ని ఎట్ల ఇడుస్తం బిడ్డా" అనేవాడు. ఆఫీసులో అందరం ఆయనకు సున్నకాక అని పేరు పెట్టాం. పెట్టింది నేనే.

ఆ ఏడు మా సారు నన్ను పిలిచి, మిగిలిన పాత మిషన్లు బాగు చేయించాలా, అందరినీ ఫోన్ యాప్‌లోకి మార్చాలా, రెండిట్లో ఏది మేలో రాసివ్వమన్నాడు. పది నిమిషాల్లో రాసిచ్చాను. ఫోన్‌లో మ్యాపు కనిపిస్తుంది, ఫొటో వస్తుంది, మిషన్లో ఉత్త అంకెలు తప్ప ఏమీ లేవు, వాడేవాళ్లకు చదువూ లేదు అని రాశాను. ఆ చివరి ముక్క రాయమని నన్నెవరూ అడగలేదు.

అది జరిగిన వారానికే, మే నెలలో, పొద్దున పదకొండు కావస్తుండగా కాక ఫోన్ చేశాడు. ఆయన గొంతు ఎప్పటిలాగే ఉంది. గుట్ట దిగుతుంటే బండ మీద కాలు జారిందట. "కాలు ఇరిగినట్టున్నది బిడ్డా, లేవస్తలేదు. నీళ్లు కూడ ఒడిసినయ్. గీడ ఎర్ర..." అంటుండగానే అడ్డం పడ్డాను. ఆ రాళ్ల పేర్లు, చెట్ల పేర్లు నాకేం తెలుస్తాయి, మిషన్ తీసి పాయింట్ చెప్పమన్నాను. తీశాడు. పద్దెనిమిది, మీద చిన్న సున్న అని మొదలుపెట్టాడు.

"కాకా, ఆ సున్నల పురాణం ఇడిసిపెట్టు. ఉత్త అంకెలు జెప్పు" అన్నాను.

నేను చెప్పినట్టే చెప్పాడు. "పద్దెనిమిది. సున్న రెండు. మూడు ఒకటి ఐదు." అలాగే రెండో వరుస, "ఎనభై. సున్న ఐదు. నాలుగు రెండు సున్న." ఫోన్‌లో యాప్ తెరిచి, పద్దెనిమిది కొట్టి, పాయింట్ పెట్టి, మిగతా అంకెలు వరసగా కొట్టాను. ఎనభైకీ అంతే. మ్యాపులో ఎర్రగుర్తు వాలింది, చక్కగా అడవి మధ్యలో. ఫికర్ చేయకు కాకా, గంటలో నీ దగ్గరుంటాం అన్నాను.

జీపులో సారు, డ్రైవరు, నేను. దారి చూపించేది నేనే కదా, మహా ఉత్సాహంగా ముందు సీట్లో కూర్చున్నాను. దారి అయిపోయాక నడిచాం. ఎర్రగుర్తు మీదికి చేరేసరికి అక్కడ ఎండిన వాగు ఉంది. కాక లేడు. గుట్ట కూడా లేదు. అరిచాం. సిగ్నల్ లేదు. చుట్టూ వెతికాం, వాగు వెంట కిందికి, మళ్లీ పైకి. పాత డబ్బా తప్పు చెప్పినట్టుంది సార్ అన్నాను. ఒకటి కాదు, నాలుగుసార్లు అన్నట్టు గుర్తు. మధ్యాహ్నం రెండుకు ఫోన్ మండిపోయి తెర నల్లబడింది.

వెనక్కి తిరిగి టవర్ అందే చోటికి వచ్చి, ఫోన్ చల్లబడ్డాక ఆన్ చేస్తే మెసేజీలు వరసగా పడ్డాయి. కాక నుంచి ఏడు మిస్డ్ కాల్స్. వెంటనే తిరిగి చేశాను. ఎత్తింది ఎవరో పశువులు కాసేవాడు. "ముసలాయన మాట్లాడతలేడక్కా. ఎర్రగుండ్ల కాడ పడి ఉన్నడు" అన్నాడు. ఆ పేరు వినగానే డ్రైవరు జీపు తిప్పాడు. ఎర్రగుండ్లు అక్కడ అందరికీ తెలుసు, నాకు తప్ప.

మేం వెళ్లేసరికి నాలుగు దాటింది. వడదెబ్బ. ఒళ్లు ఇంకా కాలుతూనే ఉంది, ప్రాణం లేదు. బండ నీడ జరిగినకొద్దీ ఆయనా జరిగిన ఆనవాలు మట్టిలో ఉంది. మెడలో సంచి ఖాళీ, మిషన్ చేతిలో ఉంది, సెల్లులు ఇంకా పనిచేస్తున్నాయి. దాని పక్కన నా ఫోన్ పట్టుకున్నాను. మిషన్లో పద్దెనిమిది, మీద చిన్న సున్న, సున్న రెండు పాయింట్ మూడు ఒకటి ఐదు. నా ఫోన్‌లో 18.0386. ఒకే బండ, రెండు అంకెలు, రెండూ సరైనవే.

మిషన్ డిగ్రీలు, నిమిషాలు చూపిస్తుంది. గంటకు అరవై నిమిషాలున్నట్టే డిగ్రీకీ అరవై. యాప్‌లో నిమిషాలుండవు, అంతా నూటికి ఇంతని లెక్క. పద్దెనిమిది డిగ్రీల రెండు నిమిషాలను నేను పద్దెనిమిది పాయింట్ సున్న రెండుగా కొట్టాను. రెండు వరుసలూ కలిపి ఆ తేడా నాలుగు కిలోమీటర్ల పైమాట. ట్రైనింగ్‌లో ఈ ముక్క చెప్పారు. అప్పుడు నేను ఫోన్ చూసుకుంటున్నాను. డిగ్రీలు ఎక్కడ అయిపోయి నిమిషాలు ఎక్కడ మొదలవుతాయో చెప్పేది ఆ చిన్న సున్న ఒక్కటే. దాన్నే చదవొద్దన్నాను.

రిపోర్టు సారు చెప్పాడు, నేను టైపు చేశాను. పాత పరికరం లోపం వల్ల గానీ, మృతుడు అంకెలు తప్పు చదవడం వల్ల గానీ అని. మిషన్లన్నీ బీరువాలోకి పోయాయి, అందరికీ ఫోన్లు వచ్చాయి. నా సలహా నెగ్గింది.

పెద్దకర్మ అయ్యాక కాక భార్య ఆఫీసుకు వచ్చింది. బల్ల ముందు నిలబడింది, కూర్చోమన్నా కూర్చోలేదు. "ఆయన తప్పు సదివిండంటాండ్రు. నిజమేనా బిడ్డా?" అని అడిగింది.

ఉన్నమాట చెప్పాను. "లేదు పెద్దమ్మా. కాక సరిగనే జెప్పిండు. నేనే ఇనలే."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. నా కంప్యూటర్ వైపు చూసి, "మరి గదే కాయితం మీద రాయి" అని వెళ్లిపోయింది.

రాయలేదు. ఉద్యోగం పోతుందని భయం, అంతే. ఆ ఉద్యోగం ఎలాగూ ఆ మరుసటేడు వదిలేశాను, అప్పుడు కూడా రాయలేదు. పెద్దమ్మ ఉన్నదో లేదో కూడా తెలియదు. ఇప్పుడు రాస్తున్నాను, ఆయన చదివింది చదివినట్టు: పద్దెనిమిది, మీద చిన్న సున్న, సున్న రెండు పాయింట్ మూడు ఒకటి ఐదు. ఎనభై, మీద చిన్న సున్న, సున్న ఐదు పాయింట్ నాలుగు రెండు సున్న.