పక్క సీటులో రెండో బ్రేకు

మా బావ, అంటే అక్క మొగుడు, పంతొమ్మిదేళ్లుగా డ్రైవింగు స్కూల్లో కారు నేర్పుతున్నాడు. నేర్చుకునేవాళ్ల పక్క సీటు ఆయనది. అక్కడ ఆయన కాలి కింద ఇంకో బ్రేకు ఉంటుంది. ఇంట్లో సోఫాలో కూర్చున్నా ఆ కాలు ఊరుకోదు. టీవీలో కారు కనిపిస్తే చాలు, నేలని తొక్కేస్తుంది. అందుకే 'బ్రేకు బావ' అని పేరు పెట్టాను.

ఈ మధ్య ఆ ఆదుర్దా ముదిరింది. నిద్ర లేదు, చేతుల్లో వణుకు. డాక్టరమ్మ రోజూ పడుకునే ముందు వేసుకోమని మాత్ర రాసి, ఒంటికి అలవాటయ్యేదాకా బండి నడపొద్దని గట్టిగా చెప్పింది. అక్క అది గుర్తుచేస్తే బావ నవ్వేశాడు.

"నేనెక్కడ నడుపుతున్నానే? నడిపేది వాళ్లు. నేను పక్కన కూర్చుంటా, అంతే."

మా ఇద్దరికీ అది సబబుగానే తోచింది. ఏం తెలివో మాది!

ఆ వారమే బావ దగ్గర కారు నేర్చుకోడానికి నేను స్టీరింగు పట్టాను. మూడు రోజులు బావ అరవలేదు, విసుక్కోలేదు, ఒక్కసారైనా బ్రేకు తొక్కలేదు. మాత్ర మంచిది, నా చెయ్యి ఇంకా మంచిదని అక్క దగ్గర కోతలు కోశాను.

నాలుగో రోజు పొద్దున, ఆగి ఉన్న వ్యాను వెనకనుంచి ఒక పెయింటరు నిచ్చెన మోసుకుంటూ అడ్డం వచ్చాడు. నా కాళ్లూ చేతులూ కొయ్యబారిపోయాయి. బావ తొక్కుతాడులే అనుకున్నాను. కారు ఆగలేదు. అతను నిచ్చెన వదిలేసి పక్కకి దూకాడు. నిచ్చెన ఫెళ్లున విరిగి చక్రాల కింద ఇరుక్కుంటే అప్పుడు ఆగింది. అతని చేతిలోని రంగు డబ్బా దొర్లి రోడ్డంతా తెల్లరంగు. అతను అందులోనే కూలబడి తన కాళ్లు తడుముకుంటున్నాడు. రెండూ బాగానే ఉన్నాయి.

బావ తన కాలివంకే చూస్తున్నాడు. అది బ్రేకు మీద లేదు. కింద కారు మ్యాటు మీద హాయిగా వాలి ఉంది.

"తొక్కాననే అనుకున్నానే," అన్నాడు.

ఆ మాటకి నాకు భయం వేసింది. నిచ్చెన విరిగినప్పుడు కూడా అంత భయం వెయ్యలేదు.

మధ్యాహ్నం బావ డాక్టరమ్మకి జరిగింది చెప్పి, స్కూల్లో సెలవు పెట్టాడు. తన దగ్గర నేర్చుకుంటున్న ఇంకో ఆరుగురికీ తనే ఫోన్ చేసి, ప్రస్తుతానికి క్లాసులు లేవన్నాడు. నేను పక్కనే ఉండి విన్నాను. ఆరుగురూ కాస్త అటూ ఇటూగా ఒకే మాట అన్నారు.

"అయ్యో మాస్టారూ, ఈ వారమే కదా మాకు ధైర్యం వచ్చింది. మీరు ఒక్కసారి కూడా బ్రేకు తొక్కలేదు."