ప్రశ్నార్థకాల వసంతకుమారి

మా ఆవిడ వసంతకుమారి పంతం సంగతి రేపల్లెలో ఎవర్నడిగినా చెబుతారు. మెల్‌బోర్న్ వచ్చాక కూడా అది రవ్వంత తగ్గలేదు. క్రెయిగీబర్న్‌లో వృద్ధులుండే ఒక హోమ్‌ వంటగదిలో పని చేస్తుంది. అక్కడివాళ్లు ఆమె పేరును నరికి 'వాస్' చేశారు. ఆ ఉక్రోషంతో కొత్త ల్యాప్‌టాప్ కొన్నరోజే అందులో తన అకౌంట్‌కి పూర్తి పేరు తెలుగు అక్షరాల్లో పెట్టుకుంది. "ఇదన్నా నన్ను నిండుగా పిలవనీ" అంది. సరేలెమ్మని ఊరుకున్నాను.

ఈమధ్య క్యారట్లు తరుగుతూ ఓ పాట కట్టింది. జీవితంలో మొదటి పాట. 'తడి చేతుల వందనం అందుకో తండ్రీ' అని పల్లవి. నిజం చెప్పొద్దూ, బాగుంది. పైకి మాత్రం "పర్లేదు" అన్నాను. మా తెలుగు చర్చి పాస్టర్ గారు విని, ఆదివారం ఆరాధనలో అందరం పాడదామన్నారు. రాగం వింటే వచ్చేస్తుంది, మాటలే ఎవరికీ రావు. అందుకని ఒక్కో ఒత్తూ వెతుక్కుంటూ చర్చి పాటల ప్రోగ్రామ్‌లో తనే టైపు చేసింది. తెర మీద చూసి పాడాలన్నమాట.

తీరా ఆదివారం చర్చి కంప్యూటర్ చెడిపోయింది. మా ఆవిడ ల్యాప్‌టాప్ పెట్టాం. నెట్‌లో దాచిన పాటలతో సహా ప్రోగ్రామ్ దిగింది గానీ, తెలుగు పాటలు చూపించడానికి వేరే మాడ్యూల్ ఒకటి ఎక్కించాలట. అది ఎక్కనని మొండికేసింది. జనం వచ్చి కూర్చుంటున్నారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఎబెన్, చంకలో కూతుర్ని వేసుకునే కుస్తీ పడుతున్నాడు.

"నెట్ బానే ఉంది అంకుల్. ఇన్‌స్టాల్ సగంలో ఫెయిల్ అవుతోంది. వెరీ స్ట్రేంజ్!"

నేను తొంగిచూశాను. ఎర్రటి అక్షరాల మధ్య వరసగా ప్రశ్నార్థకాలు.

"ఏందే వసంతా, నిన్ను ఇన్ని ప్రశ్నలడుగుతోంది? మొగుణ్ణి, నేనే ఒక్కటీ అడగలేకపోతిని!"

"మీరు కాసేపు నోరు మూసుకుంటారా?"

ఎబెన్ నుదురు కొట్టుకున్నాడు. "ఆంటీ! ఆ క్వశ్చన్ మార్కులు మీ పేరే. ఫైల్స్ మీ పేరున్న ఫోల్డర్‌లోకెళ్లాలి. ఈ ఇన్‌స్టాలర్‌కి ఇంగ్లీష్ లెటర్సే తెలుసు. మీ పేరు చదవలేక ఆగిపోతోంది."

"హవ్వ! తెలుగు చూపించేదానికి తెలుగు రాదా?" అంది మా ఆవిడ.

"ఇంగ్లీష్ పేరుతో కొత్త అకౌంట్ పెట్టేస్తే ఈజీ ఆంటీ."

ఆమె ముఖం చిన్నబోయింది. నిండిన హాలు వైపు ఓసారి చూసింది. "పాట కంటే పేరెక్కువా? అట్టాగే పెట్టెయ్ నాయనా."

"అదేం కుదరదు! ఇంకో దారి చూడవయ్యా" అని గట్టిగానే అరిచాను.

"ఒక సెట్టింగ్ ఉంది అంకుల్. అన్ని భాషల అక్షరాలూ ఒకే కోడ్‌లో చదవమని సిస్టమ్ మొత్తానికి చెప్పేది. బట్ రీస్టార్ట్ చెయ్యాలి."

టిక్కు పెట్టాడు. నేను పాస్టర్ గారికి సైగ చేశాను, ప్రార్థన సాగదీయమని. ఆయన ముందు సంఘం కోసం చేశారు, తర్వాత దేశం కోసం, ఆ తర్వాత వానల కోసం, చివరికి హ్యూమ్ హైవే మీద లారీ డ్రైవర్ల కోసం కూడా చేశారు. అప్పటికి మాడ్యూల్ కిక్కురుమనకుండా ఎక్కి కూర్చుంది. తెర మీద పల్లవి ఒత్తులతో సహా వచ్చింది. "ఆమెన్!" అని అందరికంటే ముందు నేనే కేకేశాను.

వసంత మైకు పట్టుకుని ఎత్తుకుంది. పల్లవి అయింది. మొదటి చరణంలో గొంతు పూడుకుపోయి ఆగిపోయింది. ఇంత చేసీ పాయె కదా అనుకున్నాను. కానీ హాలు ఆగలేదు. అందరూ తెర చూస్తూ ఆ చరణం అందుకున్నారు, రెండోదీ పాడేశారు. మా ఆవిడ మైకు దించేసి, కళ్లు తుడుచుకుంటూ నవ్వుతూ, తన పాటను వేరేవాళ్ల నోట వింటూ నిలబడింది.